ఐదో బండి మీద బురద

థిన్నరు వాసన. గది నిండా.

కిటికీ గట్టు మీద ఏడు బండ్లు ఆరుతున్నాయి.

ఏడింటిదీ ఒకటే రంగు — ఎండుగడ్డిలో బూడిద కలిపినట్టుండే పచ్చ. ఒక్కోటి అరచేతికంటే కాస్త పొడుగు. ఆరేసి చక్రాలు. నెత్తిన గుండ్రటి మూత. మూత పక్కన అగ్గిపుల్లంత తుపాకీ గొట్టం. పొద్దుటి ఎండ ఏటవాలుగా వచ్చి మొదటి బండిని తాకింది. తర్వాత రెండోదాన్ని. తర్వాత మూడోదాన్ని...

ఆరేదాకా ముట్టుకోకూడదు.

ఆరిందీ లేనిదీ కంటితో తెలియదు. ముక్కు దగ్గర పెట్టుకోవాలి. వాసన ఉంటే పచ్చి. వాసన పోతే ఆరినట్టు. కన్ను మాత్రం తొందరపడుతుంది — తడి మెరుపు పోగానే ఆరిపోయిందంటుంది.

ఎండ ఐదో బండి మీదికి వచ్చింది.

అక్కడ, డ్రైవరు తలుపు మీద, ఒక బొటనవేలు.

గీతలతో సహా. సుడితో సహా. తడి నేల మీద పిట్ట కాలిగుర్తు ఎండి మిగిలినట్టు.

అతని బొటనవేలే.

అందరూ అతన్ని పెయింటరు అంటారు. ఉద్యోగమంతా సైన్యం వర్క్‌షాపులో బండ్లకి రంగు కొట్టాడు. నిజం బండ్లకి. యుద్ధం వైపు ఒక్క అడుగు వేసినవాడు కాదు. యుద్ధమే అతని దగ్గరికి వచ్చేది — సొట్టలు పడి, మసిబారి, అద్దాలు లేకుండా. అతను రుద్దేవాడు. నింపేవాడు. రంగు కొట్టి పంపేవాడు. బండి కొత్తదైపోయేది. లోపల కూర్చున్నవాడికి ఏమైందో ఆ రంగు కిందే ఉండిపోయేది.

రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు. చిన్న బండ్లు మొదలుపెట్టాడు. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలు వస్తాయి. అతికించాలి. రంగు వేయాలి. అలమర నిండింది. ఇంకో అలమర నిండింది.

ఆ సంగతి సంఘం సెక్రటరీకి తెలుసు. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళ సంఘం అది. నెలకోసారి, మొదటి ఆదివారం, హాల్లో కూర్చుంటారు. సైన్యంలో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళూ వస్తారు.

"ఆ ఏడు బండ్లు చేసిపెట్టాలి పెయింటరూ" అన్నాడు సెక్రటరీ. "ఏడు ఇళ్ళకీ ఒక్కోటి. ఎవరి నంబరు వాళ్ళది. నీ వల్ల అవుతుందా?"

"ఎందుక్కాదు" అన్నాడు.

ఏ ఏడు బండ్లో చెప్పక్కర్లేదు. ఒక పొద్దున ఏడుగురు కుర్రాళ్ళు నడుపుతుంటే కొండ రోడ్డు మీద వరసగా వెళ్ళాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. అతని వర్క్‌షాపుకి కూడా రాలేదు.

ఏడూ ఒకేసారి చేయడం అతని పద్ధతి.

ఒకటి ముగించి ఇంకోటి పట్టుకోవడం కాదు. వర్క్‌షాపు నేర్పిన పద్ధతి — ఏ పనైనా ఏడింటికీ అయ్యాకే తర్వాతి పని. ముందు నలభై రెండు చక్రాలు. నలభై రెంటినీ సన్న పుల్లలకి గుచ్చి, థర్మోకోల్ చెక్కలో నాటి, నలుపు వేశాడు. గది మూల చిన్న నల్లటి తోట మొలిచింది. తర్వాత ఏడు అడుగుభాగాలు. ఏడు పైకప్పులు. పద్నాలుగు తలుపులు.

రంగు ఒక్కసారే కలపాలి. ఒకే గిన్నెలో. మళ్ళీ కలిపితే ఆ రంగు మళ్ళీ రాదు. ఎంత చేయి తిరిగినవాడికైనా రాదు. అందుకే ఏడూ కలిసి నడవాలి. ఒకటి ఆగితే ఏడూ ఆగాలి.

ప్లాస్టిక్ గమ్ అతికించదు — కరిగిస్తుంది. రెండు అంచుల్ని కరిగించి ఒకటి చేస్తుంది. నీళ్ళలా పలచగా ఉంటుంది. సందు కనిపిస్తే చాలు, పాకుతుంది. అంచు దగ్గర వేలుంటే వేలి కిందికీ పాకుతుంది.

ఐదోదాన్ని పట్టుకుని ఆరోదాన్ని చూశాడు.

అంతే.

ఆరోదాని తలుపు వంకరపోయిందేమోనని చూశాడు. వంకర లేదు. ఐదోదాన్ని వదలబోతే వేలు అంటుకుంది. చిన్న చప్పుడైంది — ముద్దు పెట్టి వదిలినట్టు.

బాగుచేయడం రాక కాదు. రెండు రోజులు గట్టిపడనివ్వాలి. లప్పం పెట్టాలి. ఆరనివ్వాలి. ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దాలి. వేలు పోయేదాకా రుద్దాలి. వ్యవధి లేకా కాదు. ఆదివారానికి ఇంకా పదిహేను రోజులుంది.

వరస ఆగడం ఇష్టం లేక.

ప్రైమరు కప్పేస్తుందిలే అనుకున్నాడు. ప్రైమరు కప్పలేదు.

రంగు కప్పేస్తుందిలే అనుకున్నాడు.

రంగు ఏదీ కప్పదు. గుంటని గుంటగా, గీతని గీతగా పట్టి చూపిస్తుంది. ముప్పయ్యేళ్ళు రంగుల్లో చేతులు పెట్టినవాడు. అతనికి ఒకరు చెప్పాలా?

ఇక మిగిలింది బురద.

చిన్న బండ్లు చేసేవాళ్ళందరికీ తెలిసిన కిటుకు అది. గమ్ మరక పడిందా... బురద. చక్రం దగ్గర సందు మిగిలిందా... బురద. రంగు కారిందా... బురద. యుద్ధం బండి కదా, బురద ఉంటేనే అందం. చూసినవాళ్ళు అచ్చం నిజంలా ఉందే అంటారు. తప్పుకే మెప్పు వస్తుంది.

భార్య మాత్రం మెచ్చుకునేది కాదు.

ఆవిడ అలమరలోంచి ఏ బండి తీసినా సరిగ్గా బురద మీదే వేలు పెట్టేది. "ఇక్కడేం చెడగొట్టావు?" అనేది. ఒకసారి వరసంతా చూసి, "నీ యుద్ధాలన్నీ పొలాల్లోనే జరిగాయా ఏంటి, ఒక్కటీ రోడ్డెక్కినట్టు లేదు" అంది. అతనికి ఒళ్ళు మండింది. నీకేం తెలుసు పొమ్మన్నాడు.

ఆవిడకి తెలుసని అతనికి తెలుసు.

ఇప్పుడు ఆవిడ లేదు. రెండేళ్ళయింది. అలమర దగ్గర నిలబడి అడిగేవాళ్ళు లేరు.

ఎలా పోయిందని ఆవిడ అక్క ఫోన్లో అడిగింది. "నిద్రలోనే పోయింది వదినా, ఏ బాధా లేదు" అన్నాడు. నిద్రలో పోలేదు. ఆ మధ్యాహ్నమంతా అతన్ని పిలుస్తూనే ఉంది. పక్క గదిలో అతను టీవీ సౌండు పెంచుకున్నాడు — ఆ పిలుపు వినలేక. తర్వాత ఎవరడిగినా అదే మాట చెప్పాడు. నిద్రలోనే. నిద్రలోనే. చెప్పగా చెప్పగా మాట గట్టిపడింది. పైన తడి మెరుపు పోయింది.

మట్టి కోసం బాల్కనీలోకి వెళ్ళాడు. బురదకి అసలైన మట్టే మంచిది. ఆవిడ పెంచిన మొక్క కుండీ అక్కడుంది. మొక్క లేదు. ఆవిడ పోయిన నెలకే ఎండిపోయింది. కుండీ బాల్కనీలోనే ఉంది, కుళాయి నాలుగడుగుల్లో ఉంది. నీళ్ళు పోయలేదంతే. మట్టి బీటలు వారి ఉంది. గుప్పెడు తీసి గుడ్డలో జల్లించాడు. పిండిలా రాలింది. గమ్‌లో కలిపాడు. రంగు కలిపాడు.

ఐదో బండి డ్రైవరు తలుపు మీద పూశాడు.

ఒక్క తలుపు మీదే ఉంటే అతికించినట్టుంటుంది. అందుకని చక్రాల మీద పూశాడు. పక్కల మీద చిమ్మాడు. మూతి మీద కూడా. మిగతా ఆరింటి మీద సన్నగా దుమ్ము ఊది ఊరుకున్నాడు.

వేలు కనిపించడం లేదు.

ఎండలో పెట్టి చూశాడు. నీడలో పెట్టి చూశాడు. కనిపించడం లేదు.

నంబర్లు ఆఖరి పని.

గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే నంబరు కాగితం నుంచి జారుతుంది, చేప నీళ్ళలోకి జారినట్టు. బ్రష్షు మొనతో ఎత్తి బండి మీద వాల్చాలి. అప్పటిదాకా ఏ బండీ ఎవరిదీ కాదు. ఏ ఇంటికైనా ఏ బండైనా పోవచ్చు.

ఐదోది ఎవరికివ్వాలి?

అతను కూర్చుని ఆలోచించాడు. కుర్చీ లాక్కుని, కళ్ళజోడు తీసి, తీరిగ్గా ఆలోచించాడు. తర్వాత అతన్ని ఎక్కువగా కొరికింది ఆ తీరికే.

కొడుకుని పోగొట్టుకున్న కండక్టరుకి? ఆయన బస్సుల్లో పనిచేసి వచ్చినవాడు. చిల్లరలో చెల్లని నాణెం చీకట్లో పట్టుకునే మనిషి. వద్దు. ఇంకొకరి తమ్ముడు ఇంజనీరు. వద్దు. ఇంకో ఇంట్లో అద్దాల బీరువా చేయించారట, ముందే కొలతలు అడిగారు. వద్దు.

టైలరమ్మ.

బట్టలు కుట్టుకుని బతికే మనిషి. ఒక్కడే కొడుకు. హాల్లో ఎప్పుడూ వెనక వరసలో కూర్చుంటుంది. టీ ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే. ఎలా కావాలమ్మా అని సెక్రటరీ అడిగితే, "అన్నయ్యగారు ఎలా చేసినా మాకు సంతోషమే" అంది.

ఎలా ఇచ్చినా తీసుకునే మనిషి.

ఆవిడ కొడుకు నంబరు నీళ్ళలో వేశాడు.

ఆదివారం హాల్లో తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఏడు బండ్లు పెట్టారు. అందరూ లేచి నిలబడ్డారు. ఒక్కొక్కరూ వచ్చి తమది తీసుకున్నారు. కండక్టరు తన బండిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని నాలుగు వైపులా చూశాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే బాగున్నట్టు.

టైలరమ్మ రెండు చేతులా పట్టుకుంది. మిగతా ఆరింటి వైపు ఒకసారి చూసింది. తన దాని వైపు చూసింది. మళ్ళీ ఆరింటి వైపు చూసింది.

"చాలా బాగుందన్నయ్యగారూ" అంది.

వారం తిరగకుండా ఇంటికి వచ్చింది. సంచీలోంచి బండి తీసింది. దానికో చిన్న ముసుగు కుట్టింది — దుమ్ము పడకుండా, చక్రాల దగ్గర మడతలు పెట్టి, మూత దగ్గర గుండ్రంగా కత్తిరించి, సరిగ్గా అతికినట్టు. అంత చక్కటి కుట్టు అతను ఈ మధ్య చూడలేదు.

కుర్చీ అంచున కూర్చుంది. గొంతు తగ్గించి అడిగింది, గదిలో ఇంకెవరో ఉన్నట్టు.

"ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి అన్నయ్యగారూ. మిగతా ఆరూ శుభ్రంగా ఉన్నాయి. మావాడిదే ఇలా ఉంది. వాడు బండి సరిగా కడుక్కునేవాడు కాదని... మీకెవరైనా చెప్పారా?"

అతను ముసుగు మడత సర్దాడు.

"చిన్నప్పుడు సైకిలు కూడా పొద్దున్నా సాయంత్రం తుడిచేవాడు. నా కుట్టుమెషీను నూనె తీసుకుపోయి చైనుకి వేసేవాడు, నాకు మిగిల్చేవాడు కాదు. అట్లాంటివాడు బండిని ఇట్లా ఉంచుతాడా? ఉంచడు. కానీ అక్కడికెళ్ళాక ఎట్లా ఉన్నాడో నేను చూడలేదుగా... అందుకని అడుగుతున్నాను."

ఇక్కడ చెప్పేయాల్సింది.

బురద నాది తల్లీ. మీవాడిది కాదు. నా వేలు. — మూడు మాటలు. అవి నోటి దాకా వచ్చాయి. నోట్లోనే తిరిగాయి.

"అబ్బే, అదేం లేదు చెల్లెమ్మా" అన్నాడు. "మీవాడిది ముందు బండి. దారి తొక్కుకుంటూ పోయేది ముందు బండే కదా. వెనకవాళ్ళకి తొక్కిన దారి. అందుకని ముందు బండికి బురద ఎక్కువ. తెలిసినవాళ్ళెవరైనా అలాగే చేస్తారు."

అబద్ధం ఎంత చక్కగా వచ్చింది. పొడవు సరిపోయింది. రంగు సరిపోయింది.

"ముందా?" అంది ఆవిడ.

"ముందే."

"మావాడా ముందు?"

ఆవిడ మొహం చూడలేకపోయాడు. పొద్దు పొడిచినట్టయింది ఆ మొహం. కొడుకు గురించి ఆవిడకి ఇన్నాళ్ళూ ఉన్నది ఒక నంబరు, ఒక కాగితం. ఏడుగురిలో ఒకడు. ఇప్పుడు ఒక చోటు దొరికింది. ముందు.

లేచి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఇన్నేళ్ళకి ఒక్కరు ఒక్క మంచిమాట చెప్పారన్నయ్యగారూ" అంది.

వెళ్ళిపోయింది.

గదిలో ఎండ గట్టు దిగి నేల మీదికి వచ్చింది. నేల మీద దుమ్ము. అతను ఊడ్చలేదు.

మాట నిలవదు. నడుస్తుంది.

చొక్కా కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకి టైలరమ్మ బండి చూపించింది. చూశారా, బురద. మావాడు ముందున్నాడు. స్కూలు యూనిఫారాలు తీసుకుపోయేవాళ్ళకి చూపించింది. గుండీలమ్మేవాడికి చూపించింది. ఎన్నడూ పది మాటలు మాట్లాడని మనిషి. ముసుగు తీయడం, చూపించడం, ముసుగు వేయడం...

వీధిలో ఎదురుపడితే అతనికి దూరం నుంచే దణ్ణం పెట్టేది. అతను సందు మారేవాడు.

మరుసటి నెల మొదటి ఆదివారం. హాలు. అందరూ ఉన్నారు.

ఈసారి టైలరమ్మ వెనక వరసలో కూర్చోలేదు. మధ్య వరసలో కూర్చుంది. బండి ఒళ్ళో ఉంది.

కండక్టరు లేచాడు.

"నేను బస్సుల్లో చేసినవాణ్ణి" అన్నాడు. గొంతు పెంచలేదు. "ముందు సీటు అందరికీ కావాలి. కాదనను. కానీ టికెట్టు ఎవరి దగ్గరుందో చూసి కూర్చోబెట్టేవాణ్ణి." జేబులోంచి కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగి, అతుకులు వేసిన కాగితం. "ఇది మావాడి పైఅధికారి రాసింది. ముందు బండి మావాడిది. ఆ రోజు వాన లేదు. రోడ్డు బీటలు తీసే ఎండ. దుమ్ము తప్ప ఏం లేదు. ఇది నా టికెట్టు. నీ టికెట్టు ఏదమ్మా?"

హాల్లో ఫ్యాను తిరుగుతోంది.

"నీ కొడుకుని ఎత్తుకోవాలనుంటే ఎత్తుకో. ఎవరొద్దన్నారు? నా కొడుకుని వెనక్కి నెట్టి ఎత్తుకోకు. నా దగ్గర ఉన్నది ఈ ఒక్కటే."

కాగితాన్ని పాత మడతల వెంటే మడిచాడు. జేబులో పెట్టుకున్నాడు. ఆయన చెల్లని నాణేలు పట్టుకునే మనిషి మాత్రమే అనుకున్నాడు పెయింటరు ఇన్నాళ్ళూ. ఆయన దగ్గరా ఉన్నది ఒక్క కాగితమే.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు కండక్టరు.

టైలరమ్మ తల తిప్పింది.

పెయింటరు వైపు చూసింది.

అతను గోళ్ళు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో పచ్చరంగు. ఎంత కడిగినా పోని రంగు. ఒక గోరు చూశాడు. ఇంకో గోరు చూశాడు. పదీ చూశాడు. హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. లేవచ్చు. లేచి నిలబడితే చాలు, నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. లేవలేదు.

"ఎవరూ చెప్పలేదు" అంది టైలరమ్మ. "నేనే అనుకున్నాను."

వెనక ఎవరో చిన్నగా నవ్వారు. ఎవరో "పాపం" అన్నారు. ఆ పాపం నవ్వుకంటే అన్యాయంగా ఉంది.

ఆవిడ బండికి ముసుగు వేసింది. లేచింది. వెనక వరసలోకి వెళ్ళి కూర్చుంది.

మూడు రోజులు ఏ బండీ ముట్టుకోలేదు.

గమ్ సీసా మూత తీసి మళ్ళీ పెట్టేశాడు. అలమర తెరిచాడు. ఎక్కడ చూసినా బురదే. ఏ బురద కింద ఏముందో ఒక్కొక్కటీ గుర్తుంది. ఇది గమ్ మరక. ఇది విరిగిన మెట్టు. ఇది కారిన రంగు. ఇన్నేళ్ళ పనిలో బురద లేని బండి ఒక్కటి కనిపిస్తుందేమోనని వెతికాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం థిన్నరు సీసా, మెత్తటి బ్రష్షు జేబులో వేసుకుని వెళ్ళాడు.

టైలరమ్మ కుడుతోంది. వీధి వైపు గది. గోడలకి చొక్కాలు వేలాడుతున్నాయి — చేతుల్లేనివి, కాలర్లు లేనివి, సగం సగం మనుషులు. ఆవిడ లేవలేదు.

"కూర్చోండి" అంది. అన్నయ్యగారూ అనలేదు.

అతను కూర్చోలేదు.

"మీవాడిది ముందు బండి కాదమ్మా. ఎన్నోదో నాకు తెలీదు. ఎవరూ నాకు చెప్పలేదు. నేను అల్లాను."

మెషీను నడుస్తోంది.

"ఆ బురద కింద నా వేలిముద్ర ఉంది. గమ్‌లో అంటుకుంది. బాగుచేయొచ్చు, చేయలేదు. బురద పూశాను."

మెషీను నడుస్తోంది. గుడ్డ అంచు దాకా నడిచింది. ఆవిడ దారం పంటితో తెంపింది.

"మా దగ్గరికీ చిరుగులొస్తాయి" అంది. "చిరుగు మీద మేమూ పువ్వు కుడతాం. కానీ గుడ్డ ఇచ్చినవాళ్ళకి చూపించి కుడతాం. ఇదుగో చిరుగు ఇక్కడుంది, పైన పువ్వు వేస్తున్నాను, ఇష్టమేనా అని."

అతను తల దించుకున్నాడు.

"ఏడున్నాయి కదా" అంది. "అది మాకే ఎందుకొచ్చింది?"

అలా పడిందమ్మా, అనొచ్చు. నీళ్ళలోంచి ఏ నంబరు ముందు జారితే అది, అనొచ్చు. మాటలు సిద్ధంగా ఉన్నాయి. మెత్తగా, తడిగా, పూయడానికి వీలుగా.

"మీరేమీ అనరని" అన్నాడు.

మెషీను ఆగింది.

వీధిలో ఎవరో సైకిలు మీద వెళ్ళారు. గంట మోగింది. చప్పుడు దూరమైంది.

ఆవిడ లేచి బండి తెచ్చింది. ముసుగు తీసింది. పళ్ళెంలో పెట్టింది. అతను జేబులోంచి సీసా తీశాడు, "నేను తీస్తానమ్మా, నీళ్ళకి పోదది" అన్నాడు. ఆవిడ చెయ్యి చాపింది. సీసా ఇచ్చాడు. బ్రష్షు ఇచ్చాడు.

ఆవిడే కడిగింది.

ముందు చక్రాలు. ఒక్కొక్క చక్రం. తర్వాత మూతి. తర్వాత పక్కలు. బురద కరిగి పళ్ళెంలోకి దిగింది, వానాకాలం కాలవలా గోధుమరంగుగా. చిన్నపిల్లాడి చెవుల వెనక కడిగినట్టు కడిగింది. గట్టిగా రుద్దకండమ్మా అనబోయి ఆగాడు. తలుపు దగ్గర గట్టిగానే రుద్దింది. బురద పోయింది. కింద రంగు పోయింది. రంగుతో పాటు నంబరు లేచి, పళ్ళెంలోకి జారి, బురదనీళ్ళలో మెలి తిరిగి, మునిగిపోయింది.

ఇద్దరూ చూశారు. ఎవరూ దాన్ని తీయలేదు.

బూడిదరంగు ప్లాస్టిక్ మీద బొటనవేలు. గీతలతో సహా.

"ఇదేనా" అంది.

"ఇదే."

"ఇంతేనా" అంది.

వేలి గుర్తు అంతే. గోరంత. దాన్ని అలాగే ఇచ్చి ఉంటే ఆవిడ చూసి ఉండేదీ కాదు, చూసినా అనేదీ కాదు.

"వచ్చే నెల హాల్లో చెప్తాను" అన్నాడు. "అందరి ముందు."

"చెప్పండి. ఏమవుతుంది? అబద్ధమాడింది కాదు, నమ్మింది, పిచ్చిది అంటారు. ముసుగు కుట్టిందట, ఊరంతా చూపించిందట అని ఇంకోసారి నవ్వుతారు." బ్రష్షు పళ్ళెం అంచున తట్టింది. "చెప్పకపోతే, పక్కవాడి కొడుకుని నెట్టిన దాన్ని. ఆ కండక్టరుగారు నన్ను చూసినప్పుడల్లా జేబు మీద చెయ్యి వేసుకుంటాడు. ఏది కుట్టుకోమంటారు నన్ను?"

"మీరేం చెప్పమంటే అది చెప్తానమ్మా."

"నన్నడుగుతారేం? పూసేటప్పుడు అడిగారా?"

గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. తిడితే పడి, తలుపు తీసుకుని వెళ్ళిపోవచ్చు. తిట్టించుకుని వెళ్ళిపోవడం అతనికి తెలుసు. భార్య దగ్గర అలవాటే.

ఆవిడ పళ్ళెం వంచి నీళ్ళు మోరీలో పోసింది. బండిని గుడ్డ పీలికతో అద్ది, కిటికీ గట్టు మీద పెట్టింది. సగం పచ్చ, సగం బూడిద. నంబరు లేదు. డ్రైవరు తలుపు వీధి వైపు కాకుండా గది వైపు తిప్పి పెట్టింది.

"అది ఆరేదాకా కూర్చోండి" అంది.

అతను కూర్చున్నాడు.

ఆవిడ ఇంకో చొక్కా అందుకుంది. మెషీను మొదలైంది. ఆరాక ఏమంటుందో చెప్పలేదు. అతను అడగలేదు. సాయంత్రపు ఎండ గుమ్మంలోంచి, చొక్కాల సందుల్లోంచి ఏటవాలుగా వచ్చి ముందు చక్రాన్ని తాకింది. తర్వాత మూతిని. తర్వాత తలుపుని.

తలుపు మీద తడి మెరుపు పోయింది. ఆరిపోయినట్టే ఉంది... చూడ్డానికి.

ఆవిడ కిటికీ తెరవలేదు.

థిన్నరు వాసన. గది నిండా.